కష్టజీవుల కదలికల్లో కళ... చూసే కన్నుంటే తిరుమలగిరి చౌరస్తాయే చిత్రశాల

తిరుమలగిరి: తొలి బస్సు ఇంకా రాకముందే తిరుమలగిరి చౌరస్తా మేలుకుంటుంది. నాలుగు దిక్కుల నుంచి నాలుగు రోడ్లు వచ్చి ఇక్కడ కలుస్తాయి. ఒకటి సూర్యాపేట నుంచి, ఒకటి జనగామ నుంచి, ఒకటి మోత్కూరు నుంచి, మరొకటి తొర్రూరు నుంచి. ఎరువుల కోసం వచ్చేవారు, బ్యాంకు పని మీద వచ్చేవారు, దవాఖానకు వచ్చేవారు, పెళ్లి బట్టలకు వచ్చేవారు - ఎవరి తొందర వారిది. ఎవరి చూపూ ఒకచోట నిలవదు. పని ముగించుకుని చీకటి పడకముందే ఊరు చేరాలన్న ఆరాటమే తప్ప, చుట్టూ ఏమున్నదీ చూసే తీరిక ఎవరికీ లేదు.

అందమైన వస్తువులు చూడాలంటే హైదరాబాదు పోవాలి, సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలి అనుకునేవారు మన పల్లెల్లో నేటికీ ఉన్నారు. చూడవలసినవే. కాదనడానికి లేదు. కాని ఒక్క పూట పని మానుకుని ఈ చౌరస్తాలో ఒక పక్కగా నిలబడి చూసినవారికి మరో సంగతి తెలుస్తుంది. రెక్కాడితేగాని డొక్కాడని మనుషుల నడకలో, చేతివాటంలో, మాట తీరులో, ఇచ్చిపుచ్చుకోవడంలో ఒక అందం ఉంది. ఏ అద్దాల బీరువాలోనూ దాన్ని దాచలేదు. టికెట్టు లేదు. వేళలు లేవు. రోజూ మన కళ్ల ముందే జరిగిపోతోంది. మనమే చూడడం లేదు.

చీపురు గీతలు

2018 ఆగస్టులో తిరుమలగిరి గ్రామ పంచాయతీ హోదా పోయి పురపాలక సంఘమయింది. పేరు మారినా తెల్లవారుజామున రోడ్లూడ్చే చేతులు మాత్రం అవే బడుగు జీవుల చేతులు. చలికాలమైతే తలకు, చెవులకు కలిపి పాత కండువా చుట్టుకుని, పొడుగాటి చీపురు పట్టుకుని, ఇద్దరు ముగ్గురు వరుసగా నడుస్తుంటారు. ఒకరి చీపురు ఆగిన చోట మరొకరి చీపురు మొదలవుతుంది. ఎవరూ ఎవరికీ చెప్పరు. కాలు ముందుకు పడినప్పుడు చేయి పక్కకు పోతుంది, చేయి తిరిగి వచ్చేసరికి రెండో కాలు కదులుతుంది. గొడ్డలి పట్టిన చేతికి, నాటు వేసే చేతికి ఒక లయ ఉన్నట్టే దీనికీ ఒక లయ ఉంది.

ఊడ్చినంత మేరా దుమ్ము మీద చీపురు గీతలు పడతాయి. ఒకదాని పక్కన ఒకటి నెలవంకల్లా తీర్చినట్టు ఉంటాయి. తొలి బస్సు వచ్చిందంటే ఆ గీతలన్నీ చక్రాల కింద చెరిగిపోతాయి. రేపు పొద్దున మళ్లీ గీస్తారు.

గుర్తించవలసిన చిన్న సంగతి మరొకటి ఉంది. రోడ్డు వారగా ఉన్న చిన్న ఇండ్ల ముందు ఆడవారు అప్పటికే అలుకు చల్లి ముగ్గు వేసి ఉంటారు. ఊడ్చుకుంటూ వచ్చే చీపురు ఆ ముగ్గు అంచు దగ్గరకు రాగానే ఆగుతుంది, చుట్టూ తిరిగి ముందుకు పోతుంది. ఆ ఇంటావిడ ఎవరో ఊడ్చే ఆమెకు తెలియకపోవచ్చు. ఒక కష్టజీవి చేసిన పనిని మరో కష్టజీవి చెరపకపోవడమే ఇక్కడి మర్యాద. చదువుకున్నవారి బండ్లు మాత్రం ఆ ముగ్గు మీదుగానే పోతుంటాయి.

పూరింటికైనా, రేకుల ఇంటికైనా గడపకు జాజు పూసి, మీద తెల్లటి ముగ్గు చుక్కలు పెట్టే ఇల్లాలికి రెండు పూటలా కూర వండే స్తోమత ఉండకపోవచ్చు. అయినా గడపను బోసిగా ఉంచదు. వచ్చినవారికి తన ఇల్లు మొట్టమొదట ఎలా కనిపించాలో ఆమెకు తెలుసు.

మార్కెట్ యార్డులో

కోతల కాలంలో తిరుమలగిరి వ్యవసాయ మార్కెట్ ధాన్యం రాశులతో నిండిపోతుంది. చుట్టుపక్కల పల్లెల రైతులు ట్రాక్టర్లలో వడ్లు తెస్తారు. రైతు కంటికి ధర, తేమ, తూకం తప్ప మరేవీ కనిపించవు. ఆరునెలల కష్టం ఆ రాశిలో ఉంది కాబట్టి అది సహజమే. కొనుగోలు కేంద్రాల్లో తేమ 17 శాతం మించితే వడ్లు తీసుకోరు. కనుక ఆరబోయాలి.

ఆరబోసిన వడ్లను తిరగేయడం చూడవలసిన పని. ఆడకూలీలు చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, రాశి మీద పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడుస్తారు. పాదం వెంట ఒక సాలు పడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ సాలు పక్కనే మరో సాలు. నాగలి దున్నిన చేను ఎలా ఉంటుందో, కాసేపటికి ఆ బంగారు రంగు వడ్ల పరుపు అలా తయారవుతుంది. కొలతకు దారం లేదు, గీతకు బద్ద లేదు. అయినా సాళ్లు వంకర పోవు.

ఇక చాటకూలీల నేర్పు చెప్పనే అక్కర్లేదు. చాటలోకి వడ్లు ఎత్తుకుని, గాలి ఎటు వీస్తున్నదో మెడ మీద తగిలే చల్లదనాన్ని బట్టి చూసుకుని, తలకన్నా ఎత్తున పట్టి సన్నగా జారవిడుస్తారు. గట్టి గింజ నిలువుగా పడుతుంది. తాలు గాలిలో కొట్టుకుపోయి పక్కన పడుతుంది. గాలి పెరిగితే చేయి కొంచెం కిందికి దిగుతుంది, గాలి తగ్గితే పైకి లేస్తుంది. ఎండ పొడలో ఆ పొట్టు మెరుస్తూ పోతుంటే, ధార ఎక్కడా తెగకుండా పడుతుంటే, పక్కన నిలబడ్డవాడు కాసేపు తన వడ్ల ధర సంగతి మరిచిపోయినా ఆశ్చర్యం లేదు. ఇప్పుడు తూర్పార పట్టే యంత్రాలు వచ్చాయి. పని తేలికయింది. మంచిదే. కాని ఆ చేతుల నేర్పు ఎవరూ రాసి పెట్టుకోలేదు. ఈ తరంతో పోతే మళ్లీ రాదు.

హమాలీల జోడీ

హమాలీ బస్తా ఎత్తే తీరు మరీ విశేషం. ఒక్కడు ఎత్తలేడు. ఇద్దరు చెరో కొస పట్టి ఊపు ఇస్తే మూడోవాడు నడుము వంచి మెడ వెనక అందుకుంటాడు. బస్తా మీద పడే క్షణానికి మోకాళ్లు కొద్దిగా వంగి బరువును లోపలికి తీసుకుంటాయి. వెంటనే చిన్న చిన్న అడుగులతో, ఆగకుండా, లారీకి ఆనించిన చెక్క మీదుగా పైకి నడుస్తాడు. చెక్క ఊగుతుంది. చెక్క పైకి లేచినప్పుడు అడుగు పడకూడదు, దిగినప్పుడు పడాలి. ఆ ఊపును అతని కాళ్లు ముందుగానే పట్టుకుంటాయి. కర్రసాము చేసేవాడి అడుగు, పేరిణి ఆడేవాడి అడుగు ఎంత సాధనతో వస్తాయో ఈ అడుగూ అంత సాధనతోనే వస్తుంది. చప్పట్లు మాత్రం లేవు.

కొనుగోలు కేంద్రాల్లో ధాన్యం బస్తా 40 కిలోలు. రోజుకు వంద బస్తాలు మోసిన మనిషి నాలుగు టన్నుల బరువు మెడ మీద మోసినట్టు. ఈ లెక్క తెలిసిన తరువాత అతని నడక అందాన్ని మెచ్చుకుని ఊరుకోవడం కుదరదు. నడివయసు దాటేసరికి మెడ, నడుము, మోకాళ్లు పట్టుకుపోతాయి. అందం వెనక ఉన్న ఈ అరుగుదలను కూడా చూసినవాడే నిజంగా చూసినవాడు.

మధ్యాహ్నం పని ఆగినప్పుడు హమాలీలు, దడవాయిలు, చాటకూలీలు రేకుల షెడ్డు నీడన గుండ్రంగా కూర్చుంటారు. సద్దిగిన్నెల మూతలు తీస్తారు. ఒకరి గిన్నెలో పచ్చిపులుసు, ఒకరి గిన్నెలో చింతకాయ తొక్కు, ఒకరి గిన్నెలో ఉట్టి గట్కనో, అన్నమో. కూర తేని మనిషి ఎవరో అడగనక్కర లేకుండానే నలుగురి చేతులు ఆ గిన్నె వైపు పోతాయి. తెచ్చినవారు గొప్పకు పోరు, తేనివారు చిన్నబోరు. "తిను బిడ్డా, చల్లారుతది" అన్న ఒక్క మాటతో సరి. పంక్తి భోజనాలకు పిలిచి, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో లెక్కలు వేసే పెద్దలు ఈ షెడ్డు కిందికి వచ్చి చూసి నేర్చుకోవలసింది ఉంది.

మూరెడు పూలు, పిడికెడు కొసరు

అంగడిలో గంప ముందు పెట్టుకుని కూర్చున్న పూల అవ్వను అందరూ ఎరుగుదురు. కనకాంబరం, మల్లె, బంతి, చేమంతి. కాలాన్ని బట్టి గంప రంగు మారుతుంది. దండ కట్టేటప్పుడు ఆమె చేతుల వైపు చూడదు. వచ్చేపోయే మనుషులను చూస్తూ, పలకరిస్తూనే ఉంటుంది. రెండు పూలు ఇటు, రెండు పూలు అటు పెట్టి, దారం ఒక చుట్టు తిప్పి, వేలితో లాగితే ముడి పడుతుంది. పూకాడ తెగదు, ముడి జారదు.

కొలత మూర. మోచేతి నుంచి వేలి కొస దాకా. పొట్టి చేయి మూరకు, పొడుగు చేయి మూరకు తేడా ఉంటుంది. పొట్టి చేతుల అవ్వకు ఆ తేడా తెలుసు. అందుకే మూర కొలిచాక మరో జానెడు వదిలి తెంపుతుంది. అడగకముందే ఇచ్చే ఈ కొసరు ఏ తూనికల చట్టంలోనూ లేదు. కూరగాయలమ్మే అక్క కూడా అంతే. కిలో తూచాక ఒక వంకాయో, నాలుగు పచ్చిమిరపకాయలో, రెండు కరివేపాకు రెమ్మలో సంచిలో పడేస్తుంది. ఆమెకు మిగిలేది ఆ కొసరు విలువ కన్నా ఎంతో ఎక్కువ ఏమీ కాదు. అయినా వేస్తుంది. వట్టి చేయి చూపించడం ఆమెకు చేతకాదు.

పెద్ద దుకాణంలో చెప్పిన ధర నోరెత్తకుండా చెల్లించి వచ్చిన మనిషి, ఈ గంప ముందు కూర్చుని రెండు రూపాయల కోసం పావుగంట బేరమాడడం రోజూ కనిపించే దృశ్యమే. బేరం తెగాక గెలిచానని మురిసిపోయే ఆ మనిషి సంచిలో, ఓడిపోయిన అవ్వ వేసిన కొసరు కూడా ఉంటుంది. ఎవరిది పెద్దచేయి, ఎవరిది చిన్నచేయి అన్నది విడిగా చెప్పనక్కర లేదు.

పెత్రమాస వచ్చిందంటే ఈ చౌరస్తా రంగే మారిపోతుంది. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు తంగేడు, గునుగు, కట్ల, గుమ్మడి పూల మోపులు దిగుతాయి. ఇవి తోటల్లో పెంచినవి కావు. చెలకల్లో, గట్ల మీద, గుట్టల వారన తెల్లవారకముందే తిరిగి, మంచుకు తడిసిన చీరలతో పేదింటి ఆడవారు, పిల్లలు కోసుకొచ్చినవి. రైతు కలుపు అని పీకి పారేసే గునుగు, రంగుల్లో ముంచగానే బతుకమ్మకు నడుము అవుతుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. ఆ గౌరవం పూవుకు దక్కింది. పూవు కోసిన చేతికి దక్కిందా అన్నది ఆలోచించవలసిన విషయం.

తండా నుంచి వచ్చిన అద్దాలు

చుట్టుపక్కల తండాల నుంచి అంగడికి వచ్చే లంబాడీ ఆడవారిలో నడివయసు దాటినవారి ఒంటి మీద ఇప్పటికీ కాంచళి, ఫేటియా, టుక్రి కనిపిస్తాయి. పడుచువారు చీరలకు, చుడీదార్లకు మారిపోయారు. ఎర్రటి బట్ట మీద అద్దం ముక్కలు, గవ్వలు, రంగు దారాల కుట్లు. ఒక్కొక్క దుస్తు వెనక ఎన్నో సాయంకాలాల పని ఉంది. పగలంతా కైకిలి పోయి వచ్చి, వంట ముగించి, దీపం వెలుగులో కుట్టుకున్నది. ఎవరికో అమ్మడానికి కాదు, తాను కట్టుకోవడానికి. మట్టి తట్ట మోసేటప్పుడు, కంకర కొట్టేటప్పుడు కూడా అదే దుస్తు. ఎండలో ఆమె నడిచిపోతుంటే గోడల మీద చిన్న చిన్న వెలుగు చుక్కలు కదిలిపోతాయి. కష్టం చేసే మనిషికి అందమెందుకని అడిగేవారికి ఆ వెలుగు చుక్కలే జవాబు.

చూసినవారు చిత్రించారు

ఈ అందాన్ని ఎవరూ చూడలేదని చెప్పడం న్యాయం కాదు. తిరుమలగిరి నుంచి ఇదే రోడ్డున జనగామ మీదుగా సాగిపోతే సిద్దిపేట వస్తుంది. ఆ సిద్దిపేటలో 1925లో పుట్టిన కాపు రాజయ్య, దేవతల బొమ్మలతో పాటు బోనమెత్తిన ఆడవారిని, వడ్డెరలను, పల్లె పనిపాటలను గీశారు. మన నకాశీ బొమ్మల పద్ధతిని తన బొమ్మల్లోకి తెచ్చుకున్నారు. 2012లో ఆయన కన్నుమూసే నాటికి తెలంగాణ పల్లె మనిషి రూపం దేశమంతటా తెలిసింది.

కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం బొమ్మలు చూసినవారికి మన ఇంటి పెద్దమ్మలే గుర్తుకు వస్తారు. నల్లటి మేని ఛాయ, నుదుట పెద్ద బొట్టు, పసుపు, ఎరుపు రంగుల చీర, కొప్పులో పూలు. తెల్లతోలే అందమనుకునే కాలంలో, నల్లటి కష్టజీవిని పెద్ద పెద్ద పట్టణాల గోడల మీదికి ఎక్కించిన ఘనత ఆయనది.

పల్లెనే కాక పట్నాన్ని కూడా అలా చూసినవారు బి.నర్సింగరావు. 1983లో ఆయన తీసిన 'రంగుల కల' చిత్రంలో కథానాయకుడు హైదరాబాదులో ఉండే ఒక చిత్రకారుడు. డబ్బున్నవారికి నచ్చే బొమ్మలు వేయాలా, తన చుట్టూ ఉన్న కష్టజీవుల బతుకు గీయాలా అన్నదే అతని గొడవ. ఆ పాత్రను నర్సింగరావే వేశారు. గద్దర్ కూడా ఆ చిత్రంలో కనిపిస్తారు. ఆ ఏడాది తెలుగులో ఉత్తమ చిత్రంగా దానికి జాతీయ అవార్డు దక్కింది. తరువాత 1988లో ఆయన తీసిన 'దాసి'కి అయిదు జాతీయ అవార్డులు రాగా, అందులో కళాదర్శకత్వానికి వచ్చినది వైకుంఠానిదే.

వీరెవరూ కొత్త అందాన్ని తయారు చేయలేదు. ఉన్నదాన్ని చూశారు. మనం రోజూ దాటిపోయేదాని ముందు వాళ్లు ఆగారు. తేడా అంతే.

ఫణిగిరి చెప్పే పాఠం

తిరుమలగిరికి చేరువలోనే ఫణిగిరి గుట్ట ఉంది. సుమారు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ క్షేత్రమది. అక్కడ తవ్వకాల్లో బయటపడ్డ సున్నపురాతి శిల్పాల్లో కొన్ని 2023లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్లాయి. ఎక్కడెక్కడి జనమో వరుస కట్టి చూశారు. 2024లో అక్కడే ఒక మట్టి కుండలో మూడు వేల ఏడు వందల పైచిలుకు సీసపు నాణేలు దొరికాయి.

ఆ శిల్పాలు చెక్కిన ఉలి ఎవరిది? ఆ రాయి మోసిన భుజమెవరిది? నాణేలు దాచిన కుండను చేసిన కుమ్మరి ఎవరు? వారి పేర్లు మనకు దక్కలేదు. వారూ ఆ కాలపు కష్టజీవులే. బహుశా ఆ రోజుల్లో గుట్ట ఎక్కే సంపన్నులు వారిని కూడా చూడకుండానే దాటిపోయి ఉంటారు. రెండు వేల ఏళ్లు గడిచాక ప్రపంచం నిలబడి చూసింది. బతికి ఉన్న మనిషి నేర్పును గుర్తించడానికి అంతకాలం ఆగడం దేనికన్నదే ఇక్కడి ప్రశ్న.

పట్నం అడ్డా మీద

కరవు కాలాల్లో ఈ ప్రాంతం నుంచి బతుకుదెరువుకు హైదరాబాదు పోయినవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కాలువ నీళ్లు వచ్చాక కొందరు తిరిగి వచ్చారు, కొందరు అక్కడే ఉండిపోయారు. పట్నంలో పొద్దున్నే కూలీల అడ్డాల మీద నిలబడే మనుషుల్లో మన వారూ ఉంటారు. ఆ గుంపును చూస్తే కారులో పోయేవారికి రద్దీ మాత్రమే కనిపిస్తుంది. దగ్గరకు పోతే మరో సంగతి తెలుస్తుంది. ఊరి నుంచి కొత్తగా వచ్చిన పిల్లవాడిని ముందుకు నెట్టి, "ఈనికి ఇంకా పని దొరకలే, ముందు ఈన్ని తీసుకపోండ్రి" అనే పెద్దమనిషి ఆ గుంపులోనే ఉంటాడు. ఆ రోజు తనకు పని దొరకకపోతే పొయ్యి వెలగదని అతనికి తెలుసు. తెలిసీ అంటాడు.

పదో అంతస్తులో గోడ కట్టే మేస్త్రీ, తాపీ తిప్పి సిమెంటు పరిచి, ఇటుక పెట్టి, తాపీ మడమతో రెండు దెబ్బలు వేస్తే వరస దారానికి సరిపోతుంది. కింద తట్ట నెత్తిన పెట్టుకున్న ఆడకూలీ, చేయి పట్టకుండానే మెట్లు ఎక్కుతుంది. మెడ కదలదు. నడుము మాత్రమే కదులుతుంది. చిన్నప్పుడు బావి నుంచి రెండు బిందెలు మోసిన నడక అది. చెట్టు కొమ్మకు బదులు ఇనుప చువ్వకు చీర ఉయ్యాల కట్టి, పిల్లను అందులో పడుకోబెట్టి, పైకి పోయినప్పుడల్లా ఒక ఊపు, కిందికి వచ్చినప్పుడల్లా ఒక ఊపు. ఆ మేడ పూర్తయ్యాక అందులోకి వచ్చేవారికి ఆ ఉయ్యాల సంగతి తెలియదు.

మెచ్చుకోలుతో కడుపు నిండదు

ఇంతవరకు చెప్పిన అందమంతా నిజమే. అయితే దీన్ని చెప్పి, పేదరికమే బాగుందనే అర్థం తీయడం పాపం. చాటకూలీకి నీడ కావాలి, తాగడానికి మంచినీళ్లు కావాలి, ఆడవారికి మరుగుదొడ్డి కావాలి. హమాలీకి నడుము పడిపోయిన నాడు ఆసరా కావాలి. ఊడ్చేవారికి నెల తిరగ్గానే జీతం చేతికందాలి. ఇవి లేకుండా ఉట్టి పొగడ్త ఆకలితో ఉన్నవాడికి పాట వినిపించడం వంటిది.

గంప ముందు కూర్చున్న అవ్వకు చట్టంలో హక్కు ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. వీధి వ్యాపారుల రక్షణకు పార్లమెంటు చేసిన చట్టం 2014 మే నెలలో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం పట్టణాల్లో వీధి వ్యాపారులను సర్వే చేసి ధ్రువపత్రాలు ఇవ్వాలి. సర్వే ముగిసే దాకా ఎవరినీ కూర్చున్న చోటు నుంచి లేపరాదు. తరువాతనైనా తరలించవలసి వస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు జప్తు చేస్తే జాబితా రాసి ఇవ్వాలి. జరిమానా కట్టి అడిగితే కూరగాయలు, పూల వంటి పాడయ్యే సరుకును ఆ రోజే తిరిగి ఇవ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో నూటికి 40 మందికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వారిలో మూడో వంతు ఆడవారు ఉండాలి.

కేంద్రం 2020 జూన్‌లో వీధి వ్యాపారులకు స్వనిధి పథకం తెచ్చింది. మొదట 10 వేల రూపాయల అప్పుతో మొదలైంది. 2025లో సవరించి తొలి విడత 15 వేలు, అది తీర్చితే 25 వేలు, ఆ తరువాత 50 వేలు చేశారు. 2030 మార్చి దాకా పథకం ఉంటుంది. తిరుమలగిరి పురపాలక సంఘమయింది కనుక ఇక్కడి వీధి వ్యాపారులూ అడగవచ్చు. చదువు వచ్చిన పిల్లలు తమ వీధిలో కూరగాయలమ్మే అక్కకు దరఖాస్తు నింపి పెడితే, ఆమె ఇన్నాళ్లు వేసిన కొసరులో కొంతయినా తీర్చుకున్నవారవుతారు. వడ్డీకిచ్చేవాడు పొద్దున తొమ్మిది వందలు చేతిలో పెట్టి సాయంత్రం వెయ్యి గుంజుకునే పద్ధతి నుంచి ఒక్కరు బయటపడినా మేలే.

చూడడం కూడా ఒక మర్యాద

ప్రభుత్వం చేయవలసినవి ప్రభుత్వం చేయాలి. మనుషులు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. వాటికి నిధులు అక్కరలేదు. గంప ముందు నిలబడి "ఏయ్, ఎట్లా ఇస్తవ్?" అనే బదులు "అవ్వా, ఎట్లనమ్మా?" అనవచ్చు. బస్తా మోసుకొచ్చే మనిషికి దారి వదలవచ్చు. ఊడ్చిన రోడ్డు మీద అప్పుడే పొట్లం కాగితం పడేయకుండా ఉండవచ్చు. పక్కింటి పిల్లలకు చాట పట్టడం, పూలు కట్టడం, ముగ్గు వేయడం నేర్పించమని పెద్దవారిని అడగవచ్చు. ఇంటి ముందుకు వచ్చి ముంతెడు నీళ్లు అడిగిన కూలీకి, మనం తాగే గ్లాసులోనే ఇవ్వవచ్చు.

పొద్దు గుంకే వేళ చౌరస్తా మళ్లీ నెమ్మదిస్తుంది. చివరి బస్సుల కోసం జనం చెట్ల కింద, షెడ్ల కింద నిలబడి ఉంటారు. పూల అవ్వ గంప దులుపుతుంది. అమ్ముడుపోక మిగిలిన నాలుగు పూలు పారేయదు. ఎదురుగా చంటిపిల్లను ఎత్తుకుని బస్సు కోసం నిలబడ్డ ఏ ముక్కూముఖం తెలియని తల్లినో పిలిచి, "ఇటు రా బిడ్డా" అని తలలో తురుముతుంది. పైసలు ఇవ్వబోతే చేయి అడ్డం పెడుతుంది. గంప నెత్తిన పెట్టుకుని, ఇంకో చేత్తో కొంగు సవరించుకుని, మోత్కూరు రోడ్డు వెంట చీకట్లోకి నడిచిపోతుంది.

రేపు తెల్లవారకముందే ఆమె మళ్లీ వస్తుంది. చీపుర్లూ వస్తాయి, చాటలూ వస్తాయి. పని మీద చౌరస్తాకు వచ్చేవారు తమ పని ముగిశాక, బస్సు వచ్చేలోపు, ఒక్క నిమిషం అటు వైపు చూస్తే చాలు.